పేరుకోని పొరపాటు

ఒక కాగితం, ఒక పెన్సిలు చాలు. కాగితం మధ్యలో సూర్యుడు. కుడివైపున ఒక యూనిట్ దూరంలో భూమి. భూమి వేగం నిట్టనిలువుగా పైకి, అదీ ఒక యూనిట్. ఆ దూరంలో సూర్యుడి ఆకర్షణ కూడా ఒక యూనిట్ ఉండేలా కొలతలు ఎంచుకుందాం. ఇలా మొదలుపెడితే భూమి చక్కటి వృత్తంలో తిరగాలని న్యూటన్ సూత్రాలే చెబుతాయి. ఆ సంగతి తెలియనట్టుగా మనం కంప్యూటర్ చేసే పని చేద్దాం. కాలాన్ని చిన్న ముక్కలుగా కోసి, ముక్కకొక అడుగు చొప్పున భూమిని జరుపుదాం. ఒక్కో అడుగు కాలం 0.1.

మొదటి అడుగు వేద్దాం. ఇప్పుడున్న వేగంతో వెళితే భూమి 0.1 పైకి జరుగుతుంది. కొత్త చోటు: కుడికి 1, పైకి 0.1. ఇప్పుడున్న ఆకర్షణ సూర్యుడి వైపుకి, అంటే ఎడమకి లాగుతోంది కాబట్టి వేగంలో ఎడమకి 0.1 చేరుతుంది. కొత్త వేగం: ఎడమకి 0.1, పైకి 1. అయిపోయింది. రెండో అడుగు కొత్త చోటు నుంచి, కొత్త వేగంతో. 18వ శతాబ్దంలో ఆయిలర్ రాసిపెట్టిన పద్ధతి ఇదే. మన డిగ్రీ పుస్తకాల్లో అవకలన సమీకరణాల సంఖ్యాత్మక సాధన దీనితోనే మొదలవుతుంది.

ఇప్పుడు శక్తి చూద్దాం. వేగం వర్గంలో సగం గతిశక్తి. ఒకటిని దూరంతో భాగించి రుణగుర్తు పెడితే స్థితిశక్తి. మొదట్లో మొత్తం సగం మైనస్ ఒకటి, అంటే మైనస్ 0.5. ఒక్క అడుగు తర్వాత లెక్కగడితే మైనస్ 0.490 వస్తుంది. నూటికి రెండు వంతుల తేడా! ఎక్కడినుంచీ ఏ శక్తీ రాలేదు, మన లెక్కే దాన్ని పుట్టించింది. పోనీ తర్వాతి అడుగులో ఇది సర్దుకుంటుందా అంటే, సర్దుకోదు. వృత్తానికి గీసిన స్పర్శరేఖ ఎప్పుడూ వృత్తం బయటికే పోతుంది. ప్రతి అడుగూ భూమిని కొంచెం బయటికే నెడుతుంది. కొన్ని చుట్లు తిప్పితే కాగితం మీద వృత్తం ఉండదు, విప్పుకుంటూ పోయే చుట్ట ఉంటుంది. కాలాన్ని ఇంకా సన్నగా కోస్తే ఈ జారుడు నెమ్మదిస్తుంది తప్ప ఆగదు.

అదే అడుగును ఇంకోలా వేద్దాం. ముందు చోటు కాకుండా ముందు వేగం మారుద్దాం. ఆకర్షణ ఎడమకి 0.1 చేర్చింది, కొత్త వేగం ఎడమకి 0.1, పైకి 1. ఇప్పుడు చోటును పాత వేగంతో కాదు, ఈ కొత్త వేగంతో జరుపుదాం. ఎడమకి 0.01, పైకి 0.1. కొత్త చోటు: కుడికి 0.99, పైకి 0.1. శక్తి లెక్కగడితే మైనస్ 0.49999. ఒక్క గుణకారం ఎక్కువ చేయలేదు, ఒక్క కూడిక ఎక్కువ చేయలేదు. వరుస మార్చాం, అంతే.

శక్తి కన్నా నన్ను ఎక్కువగా కట్టిపడేసేది ఇంకొకటుంది. సూర్యుడి నుంచి గ్రహానికి గీసిన గీత సమాన కాలాల్లో సమాన వైశాల్యాలు ఊడుస్తుందన్నది కెప్లర్ రెండో నియమం. అలా ఊడ్చే వేగానికి రెట్టింపును ఈ కాగితం మీదే కొలవచ్చు. కుడి దూరాన్ని పై వేగంతో గుణించి, అందులోంచి పై దూరాన్ని కుడి వేగంతో గుణించి తీసేయాలి. మొదట్లో అది 1. ఆయిలర్ అడుగు తర్వాత 1.01. వరుస మార్చిన అడుగు తర్వాత 0.99కి 0.01 కలిపితే వచ్చేది 1. దాదాపుగా ఒకటి కాదు, కచ్చితంగా ఒకటి. తర్వాతి అడుగులోనూ ఒకటే, వెయ్యో అడుగులోనూ ఒకటే. లెక్క ఉజ్జాయింపుదే, కక్ష్య కూడా ఉజ్జాయింపుదే. కెప్లర్ నియమం మాత్రం అందులో చెక్కు చెదరలేదు.

హనుమకొండలో డిగ్రీ పిల్లలకు ఈ పాఠం చెప్పేటప్పుడు కంప్యూటర్ తెరవకముందే ఈ రెండు అడుగులూ చేత్తో వేయిస్తాను. ములుగు నుంచి, నర్సంపేట నుంచి, పరకాల నుంచి బస్సెక్కి వచ్చే పిల్లలు. చాలామంది ఇంటర్ దాకా తెలుగు మీడియంలో చదివినవాళ్లు. పరకాల నుంచి వచ్చే ఒకమ్మాయి తన నోట్సులో రెండు జవాబులూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూసి అడిగింది: "గంతేనా సార్? ముందుది ఎనకకు పెట్టుడేనా?" అంతేనమ్మా అన్నాను. అంత చిన్న మార్పుకి అంత పెద్ద ఫలితం ఎందుకన్నది మాత్రం చిన్న ప్రశ్న కాదు. దానికి జవాబు చెప్పాలంటే మూడు శతాబ్దాలు వెనక్కి వెళ్లాలి, ఆపైన ఇంకో పన్నెండు శతాబ్దాలు.

1687లో వచ్చిన న్యూటన్ 'ప్రిన్సిపియా' మొదటి భాగంలో, కక్ష్యల గురించి ఆయన నిరూపించిన మొట్టమొదటి సిద్ధాంతం ఈ వైశాల్య నియమమే. అక్కడ బొమ్మలో గీసింది వంపు కాదు, సరళరేఖల గొలుసు. వస్తువు కొంతసేపు తిన్నగా వెళుతుంది. ఒక బిందువు దగ్గర కేంద్రం వైపు ఒక్క తోపు తగులుతుంది, వేగం మారుతుంది. ఆ మారిన వేగంతో మళ్లీ తిన్నగా వెళుతుంది, మళ్లీ తోపు. ఒక్కో ముక్కకూ కేంద్రానికీ మధ్య ఒక త్రిభుజం. ఒకే భూమి మీద, రెండు సమాంతర రేఖల మధ్య ఉన్న త్రిభుజాలకు వైశాల్యం సమానమన్న హైస్కూలు జ్యామితి ఒక్కటే వాడి, ఆ త్రిభుజాలన్నీ సమానమేనని చూపించాడు. ఆ తర్వాతే ముక్కల్ని అనంతంగా చిన్నవి చేసి వంపు దగ్గరికి వచ్చాడు. తోపు, కదలిక, తోపు, కదలిక: మనం వరుస మార్చి వేసిన అడుగు సరిగ్గా ఇదే. కలన గణితంతో రాసిన సమీకరణాన్ని ముక్కలు చేసే మార్గాలు తర్వాతి తరాలవాళ్లు వెతికారు కానీ, న్యూటన్ ముక్కల నుంచే వంపుకి వెళ్లాడు. ఆ ముక్కల్లోనే నియమం ఉంది కాబట్టి అది వంపులోకి చేరింది.

మరింత వెనక్కి వెళితే సూర్య సిద్ధాంతం. అందులో స్పష్టాధికారం అనే అధ్యాయంలో జ్యాపట్టిక, అంటే సైన్ పట్టిక, కట్టే విధానం ఉంది. వృత్తపాదాన్ని 24 భాగాలు చేస్తారు, ఒక్కో భాగం 225 కళలు. మొదటి జ్య 225. దాన్ని 225తో భాగిస్తే 1. మొదటి తేడా 225లోంచి ఆ 1 తీసేస్తే 224, అది రెండో తేడా. దాన్ని 225కి కలిపితే 449, అది రెండో జ్య. 449ని 225తో భాగిస్తే దాదాపు 2. రెండో తేడాలోంచి తీస్తే 222, కలిపితే 671. అలాగే 890, 1105, 1315. క్రీ.శ. 499 నాటి ఆర్యభటీయంలో ఇవే తేడాలు అక్షర సంకేతాల్లో ఇమిడి ఉన్నాయి: 225, 224, 222, 219, 215, 210.

జ్యను చోటనుకోండి, తేడాను వేగమనుకోండి. ముందు వేగాన్ని ఇప్పుడున్న చోటుకు అనుపాతంలో తగ్గించాలి, ఆ తర్వాత ఆ తగ్గిన వేగంతోనే చోటును జరపాలి. వరుస అదే! వృత్తంలో తిరిగే బిందువు నీడ ఊగే ఊపే జ్య కాబట్టి, ఈ పట్టికను ఒక లోలకపు ఊపుకు వేసిన లెక్కగా చదవడంలో బలవంతం లేదు. వాళ్లు గ్రహాన్ని అడుగడుగునా నడిపించడానికి దీన్ని రాయలేదు, పట్టిక కట్టడానికే రాశారు. అయినా అంకగణితం మాత్రం అదే అంకగణితం. 225తో భాగించడం కూడా ఉజ్జాయింపే, నేటి త్రికోణమితి ప్రకారం అక్కడ 233న్నర చుట్టుపక్కల సంఖ్య ఉండాలి. భాజకంలో ఆ పాటి తేడా ఉన్నా సంఖ్యలు అదుపు తప్పి పెరిగిపోవు. 12వ శతాబ్దిలో తెలుగువాడైన మల్లికార్జున సూరి సూర్య సిద్ధాంతానికి వ్యాఖ్య రాశాడు. 1163లో రుద్రదేవుడు హనుమకొండలో వేయిస్తంభాల గుడి కట్టించిన రోజులకు అది దగ్గరి కాలం. గుడికి వెళ్లినప్పుడల్లా నాకు ఆ సంగతి గుర్తొస్తుంది. ఈ గడ్డ మీద ఆ స్తంభాలు చెక్కుతున్న తరంలోనే, తెలుగు నేల మీద ఇంకొకరు 225, 449, 671 అంటూ ఈ వరుసను వివరిస్తున్నారు.

మళ్లీ తరగతి గదికి వస్తే, మన పాఠ్యక్రమంలో ఆయిలర్ తర్వాత రంగే-కుట్టా పద్ధతి వస్తుంది. నాలుగో తరగతి కచ్చితత్వం గలది, ఒక్కో అడుగుకి నాలుగుసార్లు బలాన్ని లెక్కిస్తుంది. దాని నిశితత్వాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. చిన్న ఊపుల లోలకాన్ని తీసుకుని, ఒక ఊపుకు 63 అడుగుల చొప్పున వేస్తే, ఆయిలర్ పద్ధతిలో ఒక్క ఊపుకే శక్తి 1.87 రెట్లవుతుంది. రంగే-కుట్టాలో ఒక ఊపుకు కోటికి తొమ్మిది వంతులు తగ్గుతుంది, అంతే. ఇంకేం కావాలి అనిపిస్తుంది. కానీ ఆ తొమ్మిది వంతులూ ప్రతి ఊపులోనూ తగ్గుదలే. పది లక్షల ఊపులయ్యేసరికి శక్తిలో నూటికి 42 వంతులే మిగులుతాయి. భూమి సూర్యుడి చుట్టూ ఇప్పటికి సుమారు 450 కోట్ల సార్లు తిరిగింది. అడుగు పొట్టి చేసుకోవచ్చు, తరగతి పెంచుకోవచ్చు; పొరపాటు ఒకే దిక్కుకు పోగవుతున్నంత కాలం అది గడువును వాయిదా వేయడమే.

వరుస మార్చిన పద్ధతి అదే లోలకానికి ఏం చేస్తుందో చూడండి. చోటు వర్గం, వేగం వర్గం కలిపితే వచ్చేది శక్తికి రెట్టింపు. ఈ మొత్తాన్ని ఆ పద్ధతి కచ్చితంగా కాపాడదు, అది కొంచెం పెరిగి కొంచెం తగ్గి ఊగుతుంది. కానీ ఆ మొత్తంలోంచి చోటు, వేగం, అడుగు కాలం మూడింటి లబ్ధాన్ని తీసేస్తే వచ్చే సంఖ్య ఎన్ని అడుగులు వేసినా మారదు. చోటు 1, వేగం 0తో మొదలుపెడితే ఆ సంఖ్య 1. 0.1 అడుగు తర్వాత చోటు 0.99, వేగం మైనస్ 0.1. 0.9801కి 0.01, ఆపైన 0.0099 కలిపితే మళ్లీ సరిగ్గా 1. అసలు శక్తికి అతి సమీపంలో ఉన్న ఇంకో శక్తి ఇది. నీడ శక్తి అందాం. మన లెక్క అసలు లోలకాన్ని కొంచెం తప్పుగా నడిపిస్తోందని అనుకున్నాం. నిజానికి అది రవ్వంత భిన్నమైన ఇంకో లోలకాన్ని ఏ తప్పూ లేకుండా నడిపిస్తోంది. ఆ రెండో లోలకానికీ శక్తి నిత్యత్వం ఉంది కాబట్టి, మన సంఖ్యలు ఆ గీత దాటి ఎటూ పోలేవు.

గ్రహాల విషయంలో నీడ శక్తి ఇంత శుభ్రంగా ఒక్క వాక్యంలో ఇమడదు. అనంత శ్రేణిగా వస్తుంది, ఆ శ్రేణి పూర్తిగా అభిసరించదు కూడా. అయినా అడుగు తగినంత చిన్నదైతే అత్యంత దీర్ఘకాలం అది దాదాపు నిలుస్తుందని 1994లో బెనెటిన్, జోర్జిలీ నిరూపించారు. దీని వెనకున్న జ్యామితి ఇది: చోటు ఒక అక్షం మీద, వేగం ఇంకో అక్షం మీద పెట్టి, దగ్గర దగ్గరి ప్రారంభ బిందువులతో ఒక చిన్న మచ్చ గీయండి. కాలం గడిచేకొద్దీ ఆ మచ్చ సాగుతుంది, మెలి తిరుగుతుంది, దాని వైశాల్యం మాత్రం మారదు. ప్రకృతి అలా చేస్తుంది. ఆయిలర్ అడుగు మన లోలకంలో ఆ వైశాల్యాన్ని అడుగుకు నూటికి ఒకటి చొప్పున పెంచుతుంది. వరుస మార్చిన అడుగు ఏమాత్రం పెంచదు, తగ్గించదు. ఇలాంటి పద్ధతులను సింప్లెక్టిక్ పద్ధతులంటారు. 1956లో ద వోగెలేర్ వీటి గురించి రాసిన నివేదిక అచ్చు కాలేదు. 1967లో లూ వెర్లే ద్రవంలో అణువుల కదలికలు లెక్కించడానికి ఈ కుటుంబంలోని పద్ధతినే వాడాడు. 1983లో రూత్ కణ త్వరణ యంత్రాల కోసం, ఆ దరిదాపుల్లోనే చైనాలో ఫెంగ్ కాంగ్ విడిగా, ఈ ఆలోచనకు సిద్ధాంత రూపం ఇచ్చారు. ఒకరి పని ఒకరికి తెలియకుండానే అందరూ ఒకే చోటికి చేరడం చూస్తే నాకు ఈ గణితం పట్ల నమ్మకం ఇంకా పెరుగుతుంది.

ఇక్కడ తెలివైన విద్యార్థి ఎవరైనా ఒక మాట అడుగుతారు. శక్తి మారకూడదంటే ప్రతి అడుగు చివరా వేగాన్ని కొంచెం కుదించో పెంచో శక్తిని పాత విలువకే తెచ్చేస్తే పోదా? చేయవచ్చు, చేసేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. పద్దులు తప్పుగా ఉంచి చిట్టా చివర మొత్తం మాత్రం కుదిర్చినట్టుంటుంది అది. సౌరకుటుంబంలో ఇది ఎంత ప్రమాదమో చూడండి. గురుగ్రహం కక్ష్యాశక్తి బుధగ్రహం కక్ష్యాశక్తికి 400 రెట్ల పైచిలుకు. మొత్తం శక్తిని పూర్వపు విలువకు తెచ్చామంటే గురుడి ఖాతా సరిగ్గా ఉందని అర్థం. బుధుడి కక్ష్య ఎక్కడికి కొట్టుకుపోయినా ఆ మొత్తంలో తెలియనే తెలియదు. శక్తి సంఖ్య బాగుంది కాబట్టి లెక్క బాగుందనుకోవడం సరికాదు. శక్తిని నిలబెట్టే కట్టడి అడుగు లోపలే ఉండాలి.

అలాంటి కట్టడితో శక్తినే కచ్చితంగా కాపాడే పద్ధతులు కూడా ఉన్నాయి, అవి వేరే జాతి. 1970లలో లబుడ్, గ్రీన్‌స్పాన్ మొదలుపెట్టిన దారి అది. ఉస్మానియాలో పీహెచ్‌డీ చేసి అమెరికాలో స్థిరపడిన గణితవేత్త వి. లక్ష్మీకాంతం, ఇటలీకి చెందిన దొనాతో త్రిజాంతేతో కలిసి 1988లో భేద సమీకరణాల సిద్ధాంతం, వాటి సంఖ్యాత్మక వినియోగాల మీద ఒక పుస్తకం ప్రచురించారు. ఆ త్రిజాంతేయే 2010లో బ్రుగ్నానో, యవెర్నారోలతో కలిసి శక్తిని కాపాడే కొత్త పద్ధతుల కుటుంబాన్ని ప్రతిపాదించాడు. వాటిలో అడుగుకొక సమీకరణాల వ్యవస్థను సాధించాలి, శ్రమ ఎక్కువ. పైగా 1988లోనే గె, మార్స్‌డెన్ ఒక హద్దు గీశారు: స్థిరమైన అడుగుతో, సాధారణంగా, శక్తినీ ఈ వైశాల్య జ్యామితినీ రెండింటినీ కచ్చితంగా పట్టుకోవడం కుదరదు. అలా పట్టుకోగలిగితే అది అసలు కక్ష్యనే ఇచ్చేసినట్టు. కాబట్టి ఎంచుకోక తప్పదు. నేనైతే జ్యామితిని ఎంచుకుంటాను. శక్తి రవ్వంత ఊగినా ఊగనీ, ఎటూ కొట్టుకుపోకుండా ఉంటే చాలు.

అయితే అన్ని పనులకూ ఇదే కావాలని నేను అనను. ఈ పద్ధతులు కక్ష్య ఆకారాన్ని కాపాడతాయి గానీ, ఆ కక్ష్య మీద గ్రహం ఏ నిమిషాన ఎక్కడుందో అంత బాగా చెప్పలేవు. గ్రహం తన దారిలోనే ఉంటుంది, ముందో వెనకో ఉంటుంది. శ్రీహరికోట నుంచి 2013 నవంబర్ 5న బయల్దేరిన మంగళయాన్ 2014 సెప్టెంబర్ 24న అంగారకుడి కక్ష్యలో చేరాలంటే, ఆ రోజున అది ఎక్కడుండాలో అక్కడే ఉండాలి. పది నెలల పైచిలుకు ప్రయాణం అది. అలాంటి పనికి అడుగు మార్చుకుంటూ పోయే, ఎక్కువ తరగతి గల పద్ధతులే తగినవి. వాటి పొరపాటు ఒకవైపే పోగయినా భయం లేదు, ఎందుకంటే రేడియో సంకేతాలతో నౌక ఎక్కడుందో నేల మీద నుంచి చూస్తూనే ఉంటారు, దారిలో దిద్దుతారు.

పంచాంగం కథ కూడా ఇలాంటిదే. సూర్య సిద్ధాంతం ప్రకారం సంవత్సరం 365 రోజుల 6 గంటల 12 నిమిషాల 36 సెకన్ల పైచిలుకు. నక్షత్రాలను బట్టి కొలిచిన నేటి సంవత్సరం అంతకంటే మూడున్నర నిమిషాలు తక్కువ. ఏడాదికి మూడున్నర నిమిషాలంటే ఎవరూ పట్టించుకోరు, వెయ్యేళ్లకు అది దాదాపు రెండు రోజుల పదిగంటలు. మన గణకులకు ఈ సంగతి తెలుసు. లెక్క ఆకాశంతో కుదరనప్పుడు గ్రహాల గతి సంఖ్యలను సరిచేసేవాళ్లు, దాన్నే బీజ సంస్కారమన్నారు. తల పైకెత్తితే ఆకాశం ఉంది, తప్పెంతో అది చెబుతుంది. నిజమైన చిక్కు ఆకాశం అందని చోట మొదలవుతుంది. ఐదు వందల కోట్ల సంవత్సరాల తర్వాతి సంగతి లెక్కించేవాడికి దిద్దుకోవడానికి ఏ గ్రహణమూ లేదు, ఏ రేడియో సంకేతమూ లేదు. అక్కడ పద్ధతి తన్ను తానే పట్టుకుని ఉండాలి.

వరంగల్‌లో ప్రతాపరుద్రుడి పేరిట నక్షత్రశాల ఉంది. గుమ్మటం మీద గ్రహాలు తిరుగుతుంటే పిల్లలకు తప్పకుండా వచ్చే ప్రశ్న, ఇవి ఎప్పటికీ ఇలాగే తిరుగుతాయా అన్నది. లాప్లాస్ తిరుగుతాయన్నాడు, పాయింకరే ఆ ధీమాను కదిలించాడు. కాగితం మీద తేలలేదు. 1988లో సస్‌మన్, విజ్‌డమ్ ఈ పనికోసమే కట్టిన యంత్రం మీద 84 కోట్ల 50 లక్షల సంవత్సరాల గమనం లెక్కించి ప్లూటో కక్ష్యలో అవ్యవస్థ ఉందని చూపించారు. మరుసటి ఏడాది లాస్కర్ భూమితో సహా లోపలి గ్రహాలన్నిటిదీ అదే తీరన్నాడు. ఇవాళ భూమి చోటు కొలవడంలో 15 మీటర్ల తేడా వస్తే, పది కోట్ల సంవత్సరాల తర్వాత భూమి తన కక్ష్యలో ఏ వైపుందో చెప్పలేం. 1991లో విజ్‌డమ్, హోల్‌మన్ మన వరుస మార్పును మరో మెట్టు ఎక్కించారు. సూర్యుడి ఆకర్షణలో గ్రహం నడిచే దీర్ఘవృత్తం కెప్లర్ నాటినుంచీ కచ్చితంగా తెలిసిందే కదా, దాన్ని అలాగే నడపనిచ్చి, గ్రహాలు ఒకదాన్నొకటి లాగే చిన్న బలాలను మాత్రమే అప్పుడప్పుడూ తోపులుగా ఇచ్చారు. అడుగు ఎంతో పొడవు వేయగలిగారు, పని దాదాపు పది రెట్లు వేగమైంది. కోట్ల ఏళ్ల లెక్కలు ఆ తర్వాతే మామూలు యంత్రాలకు అందాయి.

2009లో లాస్కర్, గస్తినో సౌరకుటుంబపు భవిష్యత్తును 2501 సార్లు లెక్కించారు, ప్రతిసారీ ఆరంభంలో మిల్లీమీటర్ స్థాయి తేడాతో, ఐదు వందల కోట్ల సంవత్సరాల దాకా. వాటిలో సుమారు నూటికి ఒకదానిలో బుధుడి కక్ష్య సాగిపోయి, శుక్రుడినో సూర్యుడినో ఢీకొనే స్థితికి వచ్చింది. ఏ ఒక్క లెక్కనూ జోస్యంగా తీసుకోకూడదు, అవ్యవస్థ దానికి ఒప్పుకోదు. ఆ నూటికొకటి అన్న మాటకు అర్థముందంటే మాత్రం కారణం ఒక్కటే. బుధుడిని సాగదీసింది గురుడి ఆకర్షణే తప్ప లెక్కలోంచి కారిన శక్తి కాదని మనం నమ్మగలం. రంగే-కుట్టాలోలా కోటికి తొమ్మిది వంతులు ప్రతి చుట్టులోనూ కారిపోతుంటే, ఢీ జరిగినా అది ఎవరి పనో తెలిసేది కాదు.

మన పాఠ్యక్రమంలో ఇదంతా లేకపోవడం నాకు బాధగా ఉంటుంది. ఆయిలర్‌కు, రంగే-కుట్టాకు మధ్య ఒక్క పుట చాలు. కొత్త సూత్రం కూడా అక్కర్లేదు. కలన గణితం సరిగ్గా రానివాళ్లకు కూడా 0.99 గుణకారం వస్తుంది. కచ్చితత్వం అంటే దశాంశ స్థానాలేనని నేర్చుకుని బయటికి వెళ్లే పిల్లలు రేపు వాతావరణ నమూనాలు రాస్తారు, మందుల అణువుల కదలికలు లెక్కిస్తారు. ఏ పరిమాణం మారకూడదో ముందు తేల్చుకుని, ఆ తర్వాత పద్ధతి ఎంచుకునే అలవాటు వాళ్లకు ఇక్కడే, డిగ్రీ రెండో ఏడాదిలోనే రావాలి.

పరకాల అమ్మాయి తర్వాతి వారం ఇంకో ప్రశ్న తెచ్చింది. హేలీ తోకచుక్కకు కూడా ఇదే అడుగు వేయవచ్చా అని. 1758లో క్లెరో, లలాంద్, నికోల్-రేన్ లెపోట్ నెలల తరబడి చేత్తో లెక్కలు వేసి, అది ఏప్రిల్ నడుమ సూర్యుడి దగ్గరికి వస్తుందన్నారు; 1759 మార్చి 13న వచ్చింది. ఆ తోకచుక్క సూర్యుడికి దగ్గరగా ఉన్నప్పుడు సెకనుకు 54 కిలోమీటర్ల వేగంతో దూసుకుపోతుంది. నెప్ట్యూన్ అవతల, సూర్యుడికి భూమికి ఉన్న దూరానికి 35 రెట్ల దూరంలో, సెకనుకు ఒక్క కిలోమీటర్ కూడా కదలదు. దగ్గర చిన్న అడుగులు, దూరాన పెద్ద అడుగులు వేయాలని ఎవరికైనా తోస్తుంది. ఆ అమ్మాయి అలాగే వేసింది, శక్తి మళ్లీ జారింది. నీడ శక్తిలో అడుగు కాలం కూడా ఉందని ముందు చూశాం. అడుగు మారితే నీడ శక్తీ మారుతుంది, ప్రతి అడుగుకీ కొత్త లోలకం మొదలైనట్టే. ముందుకు నడిచినా వెనక్కి నడిచినా అడుగులు ఒకేలా పడేట్టు ఎంచుకోవడం ఒక దారి. కాలాన్నే సాగదీసి, సూర్యుడి దగ్గర వేగంగా నడిచే కొత్త గడియారం పెట్టుకుని దానిమీద సమాన అడుగులు వేయడం ఇంకో దారి. 1999లో మిక్కోలా, తనికావా ఒకవైపు, ప్రేతో, ట్రెమెయిన్ మరోవైపు ఈ రెండో దారిలో ఒక గడియారం కనిపెట్టారు. సూర్యుడు, తోకచుక్క రెండే ఉంటే ఆ గడియారంతో దీర్ఘవృత్తం కచ్చితంగా వస్తుంది, పొరపాటంతా సమయంలోకి మాత్రమే పోతుంది. ఈసారి తరగతికి ఆ లెక్కే ఇస్తున్నాను. 2061 జూలైలో తోకచుక్క తిరిగి రావాలి, వాళ్ల గడియారం ఏ నెల చూపిస్తుందో చూడాలి.